నిలిచే ప్రొడక్ట్ కట్టాలనుకోవడం మొండితనమా?

పేరు, కంపెనీ వివరాలు బయటపెట్టొద్దని కోరుతూ ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ చాలా పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆయన పదిహేనేళ్లుగా ఈ రంగంలో ఉన్నారు. అందులో ఎనిమిదేళ్లు ఒకే ప్రొడక్ట్ మీద గడిచాయి. చిన్న చిన్న క్లినిక్‌లు వాడే సాఫ్ట్‌వేర్ అది. అపాయింట్‌మెంట్లు, ప్రిస్క్రిప్షన్లు, బిల్లులు అన్నీ అందులోనే. మొదటి వెర్షన్ రాసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కరే. చేస్తే పది కాలాల పాటు నిలిచేలా చేయాలి, లేదా చేయకూడదు అన్నది ఆయన నియమం. టెస్టులు లేకుండా ఏదీ రిలీజ్ కానివ్వరు. బయటివాళ్లు రాసిన కొత్త కోడ్ లైబ్రరీ తెస్తామంటే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. వాడేవాళ్లలో ఏ ఒక్కరికీ ఇబ్బంది రాకూడదని పాత ఫీచర్ ఒక్కటీ తీసేయనివ్వరు.

కొన్ని నెలల క్రితం కొత్త ప్రొడక్ట్ హెడ్ వచ్చారు. ఒక పెద్ద ఆసుపత్రుల గ్రూప్‌కి డెమో ఉందని, ఆలోపు ప్రొడక్ట్ మొత్తాన్ని మొదటి నుంచి కొత్తగా రాయాలని తేల్చారు. ఏఐ టూల్స్ ఉండగా మూడు నెలలు ఎక్కువే అన్నారు. ఈయన వద్దన్నారు. అప్రైజల్‌లో ‘పర్‌ఫెక్షనిస్ట్, వేగం తక్కువ, మార్పుకు అడ్డు’ అని రాశారు. ఈయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి లీడ్ పోస్ట్ ఇచ్చారు. పాత డేటాను కొత్త డేటాబేస్‌లోకి మార్చడానికి ఆ కుర్రాడు రాసిన మైగ్రేషన్ స్క్రిప్ట్‌లో తప్పు ఉంది. పాత డేటాబేస్‌లో మందు డోసు డాక్టర్ టైప్ చేసింది టైప్ చేసినట్టే ఉంటుంది. కొత్తదాంట్లో అది అంకె. ‘1/2’ అని ఉన్నచోట 1 పడుతోంది, ‘సగం’ అని ఉన్నచోట ఖాళీ పడుతోంది. చెబితే ‘వందకు రెండు రికార్డులే కదా ఖాళీ, డెమో అయ్యాక చూద్దాం’ అన్నారు. రిలీజ్‌కి ఈయన అప్రూవల్ కావాలి. ఇవ్వకపోతే జట్టుతో కలవని మనిషి అంటారు. ఇస్తే నిద్ర పట్టదు. నిద్ర ఇప్పటికే లేదు. రాత్రిళ్లు కూర్చుని జూనియర్ల కోడ్ ఎవరికీ చెప్పకుండా సరిచేస్తున్నారు, ఇంట్లో ప్రతి చిన్నదానికీ చిరాకుపడుతున్నారు. స్నేహితుడొకరు తన స్టార్టప్‌లోకి రమ్మంటున్నారు.

‘నా విలువలు ఈ కాలానికి పనికిరావా? సర్దుకుపోవాలా, పోట్లాడాలా, మానేయాలా?’ అని అడిగారు.

*

మీ ఉత్తరం చదవగానే ఒకటే గొడవ కనిపించింది: నాణ్యత కోరే మీరు ఒకవైపు, వేగం కోరే కంపెనీ ఒకవైపు. మళ్లీ నిదానంగా చదివితే నాలుగు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయనిపించింది. డోసుల తప్పు, మొత్తం తిరగరాయాలన్న నిర్ణయం, కోడ్ ఎలా ఉండాలన్న మీ అభిరుచి, జూనియర్‌కి పోస్ట్ ఇచ్చారన్న బాధ. మీటింగ్‌లో ఈ నాలుగూ మీ నోట ఒకే గొంతుతో, ఒకే తీవ్రతతో వస్తున్నాయనుకుంటాను. ఫంక్షన్ పేరు బాగోలేదన్నా, రోగికి డోసు తప్పుతుందన్నా వినేవాళ్లకు తేడా తెలియడం లేదు. అందుకే అసలు ప్రమాదం గురించి చెప్పినా ‘ఈయన ఎప్పుడూ ఇంతే’ అని పక్కన పెట్టేశారు. ఇది మీ ఒక్కరి తప్పని అనడం లేదు. చిక్కు విప్పుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది.

విలువల సంగతి తర్వాత. ముందు డోసుల గురించి తేలాలి. అది ఆగేది కాదు.

మీరు రాసిన ఉదాహరణనే తీసుకుందాం. డాక్టర్ ‘1/2’ అని టైప్ చేశారు, అంటే సగం మాత్ర. స్క్రిప్ట్ దాన్ని అంకెగా మార్చేటప్పుడు మొదటి అంకె చదివి, గీత దగ్గర ఆగిపోయి, 1 అని రాసుకుంది. ‘1-0-1’ అని ఉన్నా అంతే: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్న మూడు ముక్కల్లో మొదటిది మిగిలి, రాత్రి మాత్ర ఎగిరిపోయింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు. స్క్రిప్ట్ తన పని సజావుగా పూర్తయిందని చెప్పి ఆగింది. మీ హెడ్ లెక్కపెట్టిన ‘వందకు రెండు’ ఖాళీ పడ్డ రికార్డులు మాత్రమే. నన్నడిగితే వాటితో భయం తక్కువ. డోసు ఖాళీగా కనిపిస్తే డాక్టరో నర్సో అడుగుతారు. సగం మాత్ర ఒక మాత్రగా మారితే అది చూడ్డానికి సరైన డోసులాగే ఉంటుంది, ఎవరూ అడగరు. అలాంటివి ఎన్ని ఉన్నాయో మీ కంపెనీలో ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు. మీ మొదటి పని ఆ లెక్క తీయడం.

చప్పుడు లేకుండా మారిపోయే డేటా ఎంతకాలం ఎవరికంటా పడకుండా ఉంటుందో జన్యుశాస్త్రవేత్తలకు బాగా తెలుసు. ‘సెప్ట్1’, ‘మార్చ్1’ లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ సెప్టెంబర్ 1, మార్చి 1 అనుకుని తేదీలుగా మార్చేసేది. అలా పాడైన పట్టికలు పరిశోధనా పత్రాల్లోకి కూడా ఎక్కాయి. చివరికి 2020లో, పేర్లు నిర్ణయించే కమిటీ ఇలాంటి జన్యువుల పేర్లే మార్చుకుంది. అక్కడ పాడైంది పట్టిక. మీ దగ్గర ఆ అంకె చూసి ఒక మనిషి మాత్ర మింగుతాడు.

ఇంకో చిక్కు ఉంది. ‘డెమో అయ్యాక చూద్దాం’ అన్న మాట ఈ ఒక్క విషయంలో పనికిరాదు. కొత్త వెర్షన్ క్లినిక్‌లకు వెళ్లిన మర్నాటి నుంచే డాక్టర్లు అందులో కొత్త ప్రిస్క్రిప్షన్లు రాస్తారు. రెండు వారాల తర్వాత తప్పు బయటపడితే పాత బ్యాకప్ పెట్టేయడం కుదరదు, పెడితే ఆ రెండు వారాల రికార్డులు పోతాయి. ఈలోగా తప్పు డోసును చూసి ‘మళ్లీ అదే’ అని నొక్కిన డాక్టర్ల వల్ల కొత్త రికార్డులూ పాడై ఉంటాయి. ఏది పాతది, ఏది కొత్తది, ఏది తప్పు అన్నది విడదీయడం అప్పుడు మీ తరం కూడా కాదు.

దారి ఉంది, పెద్ద కష్టమైనదీ కాదు. అసలు డెమోకి పాత క్లినిక్‌ల డేటాతో పనేముంది? ఆసుపత్రుల గ్రూప్‌కి చూపించేది కొత్త స్క్రీన్లు. వాటికి కల్పించిన పేర్లతో నమూనా డేటా సరిపోతుంది, నిజానికి రోగుల అసలు రికార్డులు డెమోలో చూపించనే కూడదు. డెమోనూ మైగ్రేషన్‌నూ ఎవరో ఒకే తేదీకి ముడిపెట్టారు. ఆ ముడి విప్పమని అడగండి. డెమో అనుకున్న రోజే జరుగుతుంది, పాత క్లినిక్‌లు ఇంకొన్నాళ్లు పాత వెర్షన్‌లోనే ఉంటాయి. ఇది ఒప్పుకుంటే మీ హెడ్ పోగొట్టుకునేది ఏమీ లేదు. మీరు ‘వద్దు’ అనే మనిషి నుంచి ‘ఇలా చేద్దాం’ అనే మనిషి అవుతారు.

ఒప్పుకోకపోతే రెండో దారి. డాక్టర్ టైప్ చేసిన పాత అక్షరాలను కొత్త డేటాబేస్‌లో వేరే కాలమ్‌గా అలాగే ఉంచండి. అంకెగా మార్చడం నూటికి నూరుపాళ్లు ఖాయమైనచోటే మార్చండి. మిగిలినచోట స్క్రీన్ మీద పాత మాటలనే చూపించి, సరిచూడమని డాక్టర్‌నే అడగండి. అసలు ముక్క చెరిగిపోనంత వరకు ఏ తప్పునైనా తర్వాత దిద్దుకోవచ్చు.

ఈ రెంటికీ కాదన్నారనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు మార్గాలుంటాయి. అప్రూవల్ ఇచ్చేసి ఊరుకోవడం మొదటిది. గొడవ ఉండదు. కానీ రేపు ఏదైనా జరిగితే తెలిసి సంతకం చేసింది మీరే అవుతారు. అది అప్రైజల్‌లో ఒక వాక్యంతో పోయే బరువు కాదు. రెండోది, అప్రూవల్ ఇవ్వకుండా, ఎందుకు ఇవ్వడం లేదో నాలుగు వాక్యాల్లో రాసి, పేర్లు తీసేసిన పది అసలు రికార్డులు ‘ముందు ఇది, తర్వాత ఇది’ అని పక్కపక్కన పెట్టి, హెడ్‌కి పంపడం. ఈ మెయిల్‌లో కోడ్ నాణ్యత గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. మూడోది, దానికీ జవాబు రాకపోతే హెడ్‌కి చెప్పే పైవాళ్లకు, లేదా క్లినిక్‌లతో ఒప్పందాలు చూసేవాళ్లకు, చూపించడం. ఇందులో మీకు నష్టం ఉండొచ్చు. మిమ్మల్ని ప్రాజెక్ట్ నుంచి తప్పించొచ్చు, వచ్చే అప్రైజల్ ఇంకా చేదుగా ఉండొచ్చు. అది తెలిసే చెబుతున్నాను: నేను మీ స్థానంలో ఉంటే రెండోది చేస్తాను, అవసరమైతే మూడోదాకా వెళ్తాను. హెడ్‌కి తెలియకుండా మాత్రం పైకి వెళ్లను. ‘రేపు ఈ మెయిల్ ఫలానావారికి పంపుతున్నాను’ అని మొహం మీదే చెప్పి పంపుతాను.

ఇక మిగిలిన మూడింటికి వస్తాను. ఇక్కడ మీకు నచ్చని మాటలు కొన్ని చెప్పాల్సి ఉంటుంది.

నిలవడం అన్న మాటను మీరు చాలా వెడల్పుగా వాడుతున్నారు. ప్రొడక్ట్‌లో ఏది నిలవాలి? ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సంగతి మీకు తెలిసిందే. రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రామర్ 2000లో మొదలుపెట్టారు, ఇవాళ దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. 2050 వరకు దాన్ని నడిపిస్తామని ఆ జట్టు ప్రకటించింది. 2004లో వచ్చిన మూడో వెర్షన్‌తో తయారైన ఫైల్‌ని ఇవాళ్టి వెర్షన్ తెరవగలదు. అయితే ఆ 2004 నాటి కోడ్ అలాగే ఉండిపోయిందా? లేదు. లోపల ఎన్నిసార్లు ఎంత మార్చారో లెక్కలేదు. మారనిది ఫైల్ ఫార్మాట్. అంటే వాడేవాళ్ల డేటా విషయంలో ఇచ్చిన మాట. అసలు కోడ్‌కి ఎన్నో వందల రెట్లు టెస్టు కోడ్ రాసుకున్నది కూడా ఆ మాట తప్పకుండా లోపల ధైర్యంగా మార్చుకోవడానికే.

దీనికి పూర్తిగా భిన్నమైన నిలకడ కూడా ఒకటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్, పుస్తకాల పేజీలు కూర్చే తన టెక్ (TeX) ప్రోగ్రామ్‌కి ఇక కొత్త ఫీచర్లు చేర్చనని 1990లో తేల్చేశారు. అప్పటి నుంచి తప్పులు దిద్దడమే. దిద్దిన ప్రతిసారీ వెర్షన్ నంబర్‌కి గణితంలోని ‘పై’ (3.14159...) విలువలో ఇంకో అంకె చేరుతుంది. ఎంత ముచ్చటైన ఆలోచన! కానీ పుస్తకాల పేజీలు కూర్చడం అన్న పని పెద్దగా మారదు కాబట్టి అది అక్కడ చెల్లింది. క్లినిక్ అలాంటిది కాదు. మందులు మారతాయి, నిబంధనలు మారతాయి, బిల్లు కట్టే పద్ధతి మారుతుంది. మనుషుల మధ్య వాడకంలో ఉన్న ప్రోగ్రామ్ మారుతూ ఉండాలి, లేకపోతే రోజురోజుకూ పనికిరాకుండా పోతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెయిర్ లేమన్ 1974లోనే చెప్పారు. మీరు నూత్‌లా ఉండాలని చూస్తూ లేమన్ చెప్పిన లోకంలో పనిచేస్తున్నారు. సగం బాధ అక్కడిదే.

కాబట్టి ఒక గీత గీసుకోండి. తప్పు చేస్తే వెనక్కి తీసుకోలేనివి గీతకి ఇటువైపు: రోగుల డేటా, బయటి ల్యాబ్‌లూ ఫార్మసీలూ మీ సిస్టమ్‌తో మాట్లాడే ఏపీఐ, ఎవరు ఏది చూడొచ్చన్న అనుమతులు, బ్యాకప్. వీటి దగ్గర మీరు ఎంత మొండిగా ఉన్నా తక్కువే. రేపు మార్చుకోగలిగినవన్నీ అటువైపు: స్క్రీన్ ఎలా ఉంటుంది, ఏ ఫ్రేమ్‌వర్క్, రిపోర్ట్ పేజీ కోడ్ అందంగా ఉందా లేదా. వాటిలో జూనియర్ మీకు నచ్చని పద్ధతిలో రాస్తే రాయనివ్వండి. నచ్చకపోవడం వేరు, ప్రమాదం వేరు. అటువైపు వాటిని వదిలేస్తే ఇటువైపు వాటి గురించి మీరు నోరు తెరిచిన రోజు అందరూ ఆగి వింటారు.

పాత ఫీచర్ ఒక్కటీ తీయనివ్వనన్న మీ నియమం కూడా మళ్లీ ఆలోచించుకోవాలి. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో 2012 ఆగస్టు 1న జరిగింది మీరు వినే ఉంటారు. 2003 నుంచి వాడని ఒక పాత కోడ్‌ని తీసేయకుండా అలాగే ఉంచారు. దాన్ని నడిపించే ఫ్లాగ్‌ని, అంటే ఆన్ చేసే మీటని, కొత్త ఫీచర్‌కి వాడుకున్నారు. 8 సర్వర్లలో 7 చోట్ల కొత్త కోడ్ ఎక్కింది, ఒకచోట ఎక్కలేదు. అలా ఎక్కించాక రెండో మనిషి సరిచూసుకోలేదు. ఆ ఒక్క సర్వర్‌లో చనిపోయిందనుకున్న కోడ్ లేచి కూర్చుంది, దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. వాడకంలో లేనిదాన్ని మర్యాదగా తీసేయడం కూడా నిలిచే పనిలో భాగమే. ఎవరు వాడుతున్నారో లాగ్‌లలో చూడండి. వాడే నలుగురు డాక్టర్లుంటే వాళ్లకు ముందే చెప్పండి, ఇంకో దారి చూపించండి, గడువివ్వండి, ఆ తర్వాత తీయండి. ఇది మీరే ముందుకొచ్చి ప్రతిపాదిస్తే ‘మార్పుకు అడ్డు’ అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు లేదు.

మొత్తం తిరగరాయడం గురించి. మీరు వద్దనడంలో అర్థముంది. నెట్‌స్కేప్ వాళ్లు 1998లో బ్రౌజర్‌ని మొదటి నుంచి రాయడం మొదలుపెట్టి, 2000 చివర్లో గానీ కొత్త వెర్షన్ బయటికి తేలేకపోయారు. ఈలోగా మార్కెట్ మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయింది. మీ వాదనకి ఈ కథ వాడుకోవాలనిపిస్తుంది. కానీ అవతలివాళ్లు కూడా ఒక మాట అనగలరు: ఆ తిరగరాతలోంచే తర్వాత 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది. అందుకని కథలతో పోట్లాడకండి. ఒక్కో భాగాన్నీ విడిగా కొత్తదానితో మార్చుకుంటూ పోయే ప్లాన్ ఒకటి కాగితం మీద పెట్టండి: ముందు అపాయింట్‌మెంట్లు, అది నిలదొక్కుకున్నాక బిల్లులు, అన్నిటికన్నా ఆఖర్న ప్రిస్క్రిప్షన్లు. డెమోకి కనిపించాల్సిన స్క్రీన్లు మొదటి విడతలోనే వస్తాయి. ఇలా చేస్తే కొన్నాళ్లు పాతదీ కొత్తదీ రెండూ చూసుకోవాలి, అది నిజంగానే విసుగు పని. ఆ సంగతి కూడా ప్లాన్‌లో దాచకుండా రాయండి.

మీ హెడ్ గురించి ఉత్తరంలో ఒక్క మంచి మాట లేదు. ఆయనకు డెమో ఎందుకంత ముఖ్యమో మీరు అడిగారా? ఆ ఆసుపత్రుల గ్రూప్ రాకపోతే వచ్చే ఏడాది మీ జట్టుకి జీతాలుంటాయో లేదో ఆయనకే తెలిసి ఉండొచ్చు. డబ్బులు అయిపోయి మూతపడే ప్రొడక్ట్ కూడా నిలవని ప్రొడక్టే, అప్పుడు ఆ క్లినిక్‌ల రికార్డులు ఎవరు చూస్తారు? ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో, మొదటిసారి రాసిన కోడ్‌ని అలాగే రిలీజ్ చేయడాన్ని అప్పుతో పోల్చినప్పుడు అప్పే చేయకూడదనలేదు. కొద్దిగా అప్పు చేస్తే పని త్వరగా సాగుతుంది, వెంటనే తీరిస్తేనే, తీర్చకపోతే వడ్డీ మింగేస్తుంది అన్నారు. మీ ఆఫీసులో హెడ్ మొదటి సగం పట్టుకున్నారు, మీరు రెండో సగం పట్టుకున్నారు. ‘ఈ డెమో కోసం ఏయే అడ్డదారులు తొక్కుతున్నాం, ఒక్కోటీ ఎప్పుడు సరిచేస్తాం, ఎవరు సరిచేస్తారు’ అని ఒక పట్టిక తయారుచేసి ఆయన చేత ఒప్పించుకోండి. డెమో మర్నాడే మొదటి పని దాంట్లోంచి మొదలవ్వాలి. ఆయన ఆ పట్టికను కూడా పట్టించుకోకపోతే మనిషి ఏమిటో మీకు అర్థమైపోతుంది. ఉద్యోగం గురించి నిర్ణయానికి అది పనికొస్తుంది.

ఏఐ టూల్స్ గురించి మీరు రాసిన కోపం నాకు అర్థమైంది. కోడ్ రాయడం చౌకైపోయింది, అది ఒప్పుకోవాల్సిందే. ఆ కోడ్ సరైనదేనా అని చదివి తేల్చడం, తెల్లవారుజామున సిస్టమ్ పడిపోతే లేచి జవాబు చెప్పడం చౌక కాలేదు. ఆ టూల్‌ని టెస్టులు రాయడానికి వాడమని మీరే చెప్పండి. ఈ డోసుల స్క్రిప్ట్‌కి ‘1/2’, ‘1-0-1’, ‘సగం’, ‘అవసరమైతేనే’ లాంటి వంద రకాల ఇన్‌పుట్‌లు ఇచ్చి చూడటానికి గంట పట్టదు. వాటికి రావాల్సిన జవాబు ఏమిటన్నది మాత్రం డాక్టర్‌ని అడిగి మనిషే రాయాలి.

ఇక రాత్రి పని. ఇది మానేయండి. మీ నిద్ర కోసం అనడం లేదు, అదీ ముఖ్యమే. ప్రొడక్ట్ కోసం చెబుతున్నాను. మీరు రాత్రి దొంగచాటుగా సరిచేసిన తప్పు జూనియర్‌కి తెలియదు, రేపు మళ్లీ అదే చేస్తాడు. మీ హెడ్‌కి మాత్రం వేగంగా రాసినా ఏమీ కావడం లేదన్న లెక్క కనిపిస్తుంది. మీరు తప్పని అంటున్న పద్ధతి సరైనదేనని మీరే రాత్రిళ్లు కూర్చుని రుజువు చేస్తున్నారు. పైగా, మీరు లేని రోజున కూలిపోయేది ఎంత బాగా రాసినా నిలిచేది కాదు.

నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. 1977లో పంపారు. 2023 నవంబర్‌లో అది అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. లోపల ఒక మెమరీ చిప్ పాడైంది, దాంట్లో ఉన్న కోడ్ పోయింది. పోయిన కోడ్ మొత్తాన్ని ఒకేచోట పెట్టేంత ఖాళీ ఇంకెక్కడా లేదు. ముక్కలు చేసి వేర్వేరు చోట్ల సర్ది, ఒక ముక్క ఇంకో ముక్కను వెతుక్కునే అడ్రసులన్నీ మార్చి పంపారు. సంకేతం అక్కడికి చేరడానికి 22 గంటలకు పైగా, జవాబు రావడానికి మళ్లీ అంత. 2024 ఏప్రిల్‌లో వాయేజర్ మళ్లీ అర్థమయ్యేలా మాట్లాడింది. ఆ పని చేసినవాళ్లు మొదట కోడ్ రాసినవాళ్లు కాదు. దశాబ్దాల నాటి కాగితాలు వెతికి చదివి చేశారు. అప్పుడెవరో, తాము చూడబోని మనుషుల కోసం, ఏది ఎక్కడ ఎందుకుందో ఓపిగ్గా రాసి పెట్టారు. మీ ప్రొడక్ట్‌లో అలాంటి కాగితం ఉందా? ఎనిమిదేళ్ల నిర్ణయాలన్నీ మీ తలలోనే ఉన్నాయని ఉత్తరమే చెబుతోంది. ‘డోసు అక్షరాల్లోనే ఎందుకుంచాం’ అన్నది ఒక్క పేజీలో ఎక్కడైనా రాసి ఉంటే, ఆ కుర్రాడు స్క్రిప్ట్ రాసేముందు చదివేవాడేమో.

ఆ కుర్రాడి గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ‘నేను నేర్పినవన్నీ మర్చిపోయి పైకెళ్లిపోయాడు’ అన్నారు. బాధ నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. పోస్ట్ మీకు రావాల్సిందనుకుంటే ఆ మాట హెడ్‌తో సూటిగా మాట్లాడండి: ఏం చూసి ఇచ్చారు, నాకు ఎందుకివ్వలేదు, వచ్చేసారి ఏం కావాలి. కానీ ఆ లెక్కను కోడ్ రివ్యూలో తీర్చుకోకండి. అతను మీ కింద పనిచేస్తున్నప్పటికన్నా ఇప్పుడు లీడ్‌గా ఉన్నప్పుడే మీ అవసరం అతనికి ఎక్కువ. డోసుల తప్పును మీటింగ్‌లో పెట్టకముందు అతనికి విడిగా చూపించండి. ఇద్దరూ కలిసి పైవాళ్లకు చెబితే అది మీ ఇద్దరి మధ్య పోటీలా కాక జట్టు మాటలా వినిపిస్తుంది. అతను మొదట ఉలిక్కిపడొచ్చు, తప్పు తనదని తేలిపోతుందని వాదించొచ్చు కూడా. ఒక రోజు గడువివ్వండి.

మానేయడం గురించి అడిగారు. స్టార్టప్‌కి వెళ్తే ఈ గొడవ తప్పుతుందనుకుంటే పొరపాటు. అక్కడ గడువులు ఇంకా దగ్గరగా ఉంటాయి, అడ్డదారులు ఇంకా ఎక్కువ తొక్కాలి. వెనక్కి తీసుకోలేనివేమిటన్న విషయంలో మొదటి రోజు నుంచే మీ మాట నడవొచ్చన్నది మాత్రం మంచి అవకాశం. మీ స్నేహితుణ్ని అడగండి: డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది? కంపెనీ మూతపడితే వాడేవాళ్ల డేటా వాళ్లకెలా తిరిగిస్తారు? మీరిద్దరూ విభేదిస్తే ఆఖరి మాట ఎవరిది? రెండో ప్రశ్నకు అతను నవ్వేస్తే వెళ్లకండి. ఆలోచించి జవాబిస్తే వెళ్లడం గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడండి, జీతం ఎంత తగ్గినా తట్టుకోగలరో లెక్క వేసుకోండి. ఎక్కడున్నా మీరు ఇలాగే ఆలోచిస్తారు కాబట్టి, కోపంలో వెళ్లడం కన్నా ఈ డోసుల వ్యవహారం ఒక కొలిక్కి వచ్చాక వెళ్లడం మేలు.

ఉన్నా, వెళ్లినా, ఈ నెలలోనే ఒక పని మొదలుపెట్టండి. ఆఫీసు టైమ్‌లోనే, అందరికీ కనపడేలా, వారానికి ఒక గంట పెట్టుకుని ఆ కుర్రాడినీ ఇంకొకరినీ పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి వారం బ్యాకప్ నుంచి డేటాబేస్‌ని మళ్లీ లేపే పని వాళ్ల చేత చేయించండి. మీరు కీబోర్డ్ ముట్టుకోకండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీరు రాయాల్సిన మొదటి పేజీ ఉంటుంది.